డెలావేర్‌కి మారుతున్నా, అక్కడ ఆన్‌లైన్ పోకర్ సంగతేంటి?

వంతెన_వాసు
మాది న్యూజెర్సీలో చెర్రీ హిల్. మా ఆవిడకి విల్మింగ్టన్‌లో బ్యాంకు ఉద్యోగం ఖాయమైంది, మిడిల్‌టౌన్‌లో ఇల్లు చూస్తున్నాం. సేల్స్ ట్యాక్స్ లేదు, ఇంటి పన్ను న్యూజెర్సీలో కట్టేదానితో పోలిస్తే ఏపాటి. అన్నీ బాగానే ఉన్నాయి గానీ నా బాధ ఒకటుంది, ఇంట్లో పైకి చెప్పుకునేది కాదు. శుక్రవారం, ఆదివారం రాత్రుళ్ళు నేను ఆన్‌లైన్ పోకర్ ఆడతా. పెద్ద ఆటలేం కాదు, ఇరవై యాభై డాలర్ల టోర్నమెంట్లు. ఇక్కడ రెండు మూడు యాప్‌లు తెరిస్తే ఎక్కడో చోట కుర్చీ దొరుకుతుంది. డెలావేర్‌లో చట్టప్రకారం ఆడుకోవచ్చంటారు, కానీ ఆడేవాళ్ళే కనబడరనీ అంటారు. ముందు ముందు బాగుపడే సూచన ఉందా, లేక నా ఆట ఇంతటితో సరా? పేకాట తప్పు అని చెప్పదలచుకున్నవాళ్ళు దయచేసి వేరే థ్రెడ్ చూసుకోండి.

పులిహోర_పార్టీ
ఆ ఆఖరి వాక్యం రాశావంటే వాళ్ళని బొట్టుపెట్టి పిలిచినట్టే.

సత్యం_వద
పిలిచారుగా, వచ్చాను. మా మేనమామ రెండెకరాలు పేకముక్కల మీద పోగొట్టాడు. దానికి ఇంగ్లీషు పేరు పెట్టి యాప్‌లో ఆడితే పేకాట కాకుండా పోతుందా? ఇల్లు కొనే వయసులో అడగాల్సిన ప్రశ్నేనా ఇది?

పులిహోర_పార్టీ
చెప్పానా.

నెల్లూరోడు_302
వాసు గారూ, 2012 నుంచి డెలావేర్‌లోనే, బేర్ అనే ఊళ్ళో ఉంటున్నా. ఈ ఆట ఇక్కడ పుట్టడం, పడుకోవడం, మళ్ళీ లేవడం అన్నీ చూశా.

2012 జూన్‌లో అప్పటి గవర్నర్ జాక్ మార్కెల్ చట్టం మీద సంతకం పెట్టాడు. 2013 అక్టోబర్ 31న ట్రయల్‌గా మొదలుపెట్టి నవంబర్‌లో పూర్తిగా తెరిచారు. నెవాడా అంతకు ముందే ఏప్రిల్‌లో మొదలెట్టింది గానీ అక్కడ పోకర్ ఒక్కటే. స్లాట్ మెషీన్లు, బ్లాక్‌జాక్ సహా కేసినో మొత్తం ఆన్‌లైన్లో పెట్టిన మొదటి రాష్ట్రం మనదే. న్యూజెర్సీ కూడా మన వెనకే వచ్చింది. డెలావేర్ పార్క్, డోవర్ డౌన్స్, హారింగ్టన్ - గుర్రప్పందేల మూడు కేసినోలకి మూడు సైట్లు. లోపలికి వెళ్తే 888 అనే కంపెనీ వాళ్ళ సాఫ్ట్‌వేర్, అవే టేబుళ్ళు. తలుపులు మూడు, గది ఒకటే.

ఆ గదిలో మనుషులేరీ? 2020 లెక్కల్లో రాష్ట్రం మొత్తం 9 లక్షల 90 వేల మంది. 2011లో ఒక్క విజయవాడ జనాభా దాదాపు అంత. అందులో 21 ఏళ్ళు నిండినవాళ్ళు, పోకర్ వచ్చినవాళ్ళు, వచ్చినా మంగళవారం రాత్రి పదకొండుకి మేలుకుని ఉన్నవాళ్ళు... మీరే లెక్కేసుకోండి.

2014 శీతాకాలంలో నేను రోజూ ఒకడితో ఆడేవాణ్ణి. ఎదురుగా వాడు, ఇంకో ఇద్దరో ముగ్గురో. వాడిదో పిచ్చి అలవాటు, బ్లఫ్ చేసినప్పుడల్లా సరిగ్గా 7 డాలర్ల 77 సెంట్లు పెట్టేవాడు. నెలన్నర వాడి డబ్బు నేను, నా డబ్బు వాడు మార్చుకున్నాం, మధ్యలో రేకు, అంటే ఆటకింత అని కొట్టే కమీషన్, మాత్రం సైటుకి. ఓ ఆదివారం హాకెసిన్ గుడిలో ప్రసాదం వరసలో నా ముందాయన ఫోన్‌లో ఎవరికో చెప్తున్నాడు, "ఏడు డెబ్భై ఏడు పెట్టాన్రా, దొంగనాకొడుకు మళ్ళీ అంతే పెట్టి కాల్ చేశాడు" అని. ఆ దొంగనాకొడుకుని నేనే. పులిహోర విస్తరి చేతిలో పట్టుకుని పరిచయం చేసుకున్నాం. ఆ తర్వాత ఒకరి ముందు ఒకరం కూర్చోలేకపోయాం, సిగ్గేసింది. టేబుల్ ఇంకా ఖాళీ అయిపోయింది.

చిన్న రాష్ట్రంలో పోకర్ అంటే ఇదండీ. స్లాటు ఒక్కడే ఉన్నా తిరుగుతుంది. పోకర్‌కి ఎదురుగా ఓడిపోవడానికి ఇంకొకడు కావాలి.

వంతెన_వాసు
7.77 చదివి ఆఫీసులో నవ్వాపుకోలేకపోయా. ఇంతకీ ఆయన ఇప్పుడేం చేస్తున్నారు?

నెల్లూరోడు_302
మా వియ్యంకుడు కాబోయి తప్పిపోయాడు. అది వేరే థ్రెడ్.

చట్టం_చిన్నా
నెల్లూరన్న చెప్పినదానికి తరువాయి. ఆ ఖాళీ చూసే 2014 ఫిబ్రవరిలో డెలావేర్, నెవాడా గవర్నర్లు ఒప్పందం చేసుకున్నారు, ఆటగాళ్ళని కలుపుకుందామని. నిజంగా టేబుళ్ళు కలిసింది 2015 మార్చిలో. న్యూజెర్సీ 2018 మే నుంచి కలిసింది. తర్వాత మిచిగాన్, వెస్ట్ వర్జీనియా చేరాయి, 2025 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా కూడా వచ్చేసింది. ఆరు రాష్ట్రాల జనం కలిపితే 3.8 కోట్ల పైచిలుకు.

ఆటగాడు ఏ రాష్ట్రంలో కూర్చుని ఆడితే అతని రేకు మీద పన్ను ఆ రాష్ట్రానిదే. కాబట్టి చిన్న రాష్ట్రం పోగొట్టుకునేది ఏమీ లేదు, పక్కవాళ్ళ జనం అప్పనంగా దొరుకుతారు. వాసు గారి ప్రశ్నకి సగం జవాబు ఇదే. డెలావేర్ భవిష్యత్తు డోవర్ అసెంబ్లీలో లేదు, పెన్సిల్వేనియా రాజధాని హారిస్‌బర్గ్‌లో ఉండేది. అది 2025లో తేలిపోయింది.

వరంగల్_వైల్డ్‌కార్డ్
చిన్నా, కాగితం మీద మస్తుంటది. మరి 2023 డిసెంబర్ సంగతి చెప్పవేంది? 888 కాంట్రాక్టు అయిపోయింది, రష్ స్ట్రీట్ అనే ఇంకో కంపెనోళ్ళొచ్చిండ్రు, బెట్‌రివర్స్ పేరుతోని కేసినో తెరిచిండ్రు. పోకర్ మాత్రం గాయబ్. ఏడాది దాటినంక గాని మళ్ళ రాలే. దేశంల అందరికంటె ముందు ఆన్‌లైన్ కేసినో మొత్తం తెరిచిన రాష్ట్రంల ఆడదామంటె ఒక్క టేబుల్ లేకుండె. ఆరు రాష్ట్రాల ఒప్పందం ఫ్రేమ్ కట్టించి గోడకు పెట్టుకోవాల్నా?

చట్టం_చిన్నా
అది నిజమే, ఒప్పుకుంటా. ఇక్కడ ఆట నడిపేది రాష్ట్ర లాటరీ, టెండర్ ఒక్కళ్ళకే. న్యూజెర్సీలో ఒక సైటు మూస్తే పక్కది ఉంటుంది, ఇక్కడ ఆ ఒక్కరి దగ్గర పోకర్ సాఫ్ట్‌వేర్ సిద్ధంగా లేకపోతే రాష్ట్రమంతా సున్నా. వాళ్ళు ముందు పెన్సిల్వేనియాలో పోకర్ తెరిచి, 2025లో మనల్ని, వెస్ట్ వర్జీనియాని, మిచిగాన్‌ని కలిపారు. ఇప్పుడు ఆడుకోవచ్చు.

కానీ ఒక్క విషయం గమనించు. ఒప్పందంలో ఆరు రాష్ట్రాలున్నా నీ టేబుల్‌కి ఆరు రాష్ట్రాల వాళ్ళు రారు. ఎవరి కంపెనీ జనం వాళ్ళవే. పోకర్‌స్టార్స్ అనే వేరే కంపెనీ గదిలో వాళ్ళు మన గదిలో కనబడరు.

మిడిల్‌టౌన్_మావ
ఇది ముందే చెప్పాల్సింది. జనం అంతా ఈ 3.8 కోట్లు చూసి మోసపోతున్నారు.

పల్లెటూరి_ప్రవీణ్
నాకో డౌటు. పక్క రాష్ట్రం జనాన్ని కలుపుకోడానికి ఇన్నేళ్ళెందుకు పట్టింది? కంప్యూటర్లు కలపడమేగా.

చట్టం_చిన్నా
కంప్యూటర్లు కాదు, 1961 నాటి వైర్ యాక్ట్. రాష్ట్రాల సరిహద్దు దాటి ఫోన్ల మీద పందేలు కాయకుండా చేసిన చట్టం. 2011 డిసెంబర్‌లో కేంద్ర న్యాయశాఖ అది క్రీడల మీద కాసే పందేలకే వర్తిస్తుందని చెప్పింది. ఆ మాట వల్లే ఇదంతా మొదలైంది. 2018లో అదే శాఖ ప్లేటు ఫిరాయించి, కాదు అన్నిటికీ వర్తిస్తుంది అంది. న్యూ హాంప్‌షైర్ లాటరీ వాళ్ళు కోర్టుకెక్కారు, 2021 జనవరిలో అప్పీలు కోర్టు కూడా వాళ్ళ పక్షానే తీర్పిచ్చింది. ఈ మధ్యలో పెన్సిల్వేనియా భయపడి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తీర్పొచ్చాక కూడా నాలుగేళ్ళు ఆగింది, అది వాళ్ళ బద్ధకం.

సీక్వెన్స్_సీత
ఇందాకటి నుంచి అందరూ రాష్ట్రం, చట్టం అంటున్నారు గానీ లెక్క ఎవరూ చెప్పట్లేదు. నేను డోవర్ దగ్గర అకౌంట్స్‌లో పని చేస్తా, ఈ లెక్కలు ఆసక్తితో చూస్తుంటా. డెలావేర్ చట్టంలో ఏడాదికి మొదటి 37 లక్షల 50 వేల డాలర్లు రాష్ట్రానివే, ఆ గీత దాటాకే కేసినోలకి వాటా. మొదటి ఆరేడేళ్ళు కేసినో, పోకర్ అన్నీ కలిపినా ఏడాదికి ఆ గీత దాటలేదు. అందులో పోకర్ వాటా నెలకి లక్ష డాలర్లు చేరడమే గగనం. మీరే కేసినో యజమాని అయితే పోకర్ మీద ఎంత ఖర్చు పెడతారు? పెట్టరు. కరోనా ఏడాదిలో ఇంటిపట్టున కూర్చున్నప్పుడు గాని పరిస్థితి మారలేదు, అదీ ఎక్కువగా స్లాట్ల పుణ్యమే.

కాబట్టి వాసు గారూ, పోకర్ ఇక్కడ కొట్టు ముందు పెట్టిన మంచినీళ్ళ కుండ. దాని మీద లాభం చూడరు, లోపలికి వచ్చినవాడు స్లాట్ల వైపు చూస్తాడేమో అని ఉంచుతారు. కుండ తీసెయ్యరు, అలాగని బంగారు తొడుగూ చెయ్యరు.

సత్యం_వద
అమ్మా, మీరూ ఆడతారా?

సీక్వెన్స్_సీత
రమ్మీ. సంక్రాంతికి మా అత్తగారింట్లో అందరూ నాతో ఆడటం మానేశారు, అంతవరకు చెప్తా.

వంతెన_వాసు
కుండ పోలిక బాగుంది గానీ గుండె జారింది. అంటే పక్క రాష్ట్రానికి వెళ్ళి ఆడటమే దారా? మిడిల్‌టౌన్ నుంచి న్యూజెర్సీ ఎంత దూరమని.

రివర్_రాజు
నేను ఆ పని చేశా, చెప్తా వినండి. 2024లో, పైన వరంగలన్న చెప్పిన ఆ ఖాళీ ఏడాదిలో. ఆదివారం సాయంత్రం డెలావేర్ మెమోరియల్ బ్రిడ్జి దాటితే అవతల పెన్స్‌విల్. అక్కడో దుకాణం ముందు కారు ఆపి, ఒళ్ళో ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్. బ్రిడ్జికి మరీ దగ్గరగా ఆపితే యాప్ ఒప్పుకోదు, "మీరు న్యూజెర్సీలో ఉన్నట్టు నిర్ధారణ కాలేదు" అంటుంది. ఇంకో అర మైలు లోపలికి పోవాలి. జనవరి చలి. హీటర్ వేస్తే పెట్రోలు, ఆపితే వేళ్ళు కొంకర్లు.

ఒక రాత్రి చివరి టేబుల్ దాకా వచ్చా. ఏడుగురం మిగిలాం, నేను రెండో స్థానం. బ్యాటరీ 11 శాతం. కారులో పెట్టే చార్జర్ మా అబ్బాయి ఐప్యాడ్ కోసం వాళ్ళమ్మ కారులోకి మార్చింది. చేతిలో రెండు రాజులు. ఉన్నదంతా పెట్టి ఆల్ ఇన్ కొట్టా. అవతలివాడు కాల్ చేశాడు, తెర నల్లబడింది. ఇంటికొచ్చి చూస్తే ఏడో స్థానం. వాడి దగ్గర ఆసు, తొమ్మిది, రివర్‌లో, అంటే టేబుల్ మీద తెరిచే ఆఖరి ముక్కలో, ఆసు పడింది. అంటే బ్యాటరీ ఉన్నా పోయేదే. అయినా బ్యాటరీనే తిట్టుకున్నా, ఇప్పటికీ తిట్టుకుంటున్నా.

మిడిల్‌టౌన్_మావ
పోలీసు రాలేదా?

రివర్_రాజు
వచ్చాడు. కిటికీ కొట్టి ఏం చేస్తున్నావన్నాడు. చెప్పా. ఎంత పోయిందని అడిగాడు. చెప్పా. జాలిపడి వెళ్ళిపోయాడు.

వరంగల్_వైల్డ్‌కార్డ్
రాజన్నా 😂 గీ కథ ఒక్కటి చాలు డెలావేర్ పోకర్ చరిత్ర రాయనీకి.

కాలిఫోర్నియా_కిట్టు
ఇంత కష్టమెందుకు, విదేశీ సైట్లున్నాయిగా. నేను ఆడుతున్నా, డబ్బులు క్రిప్టోలో వస్తాయి, ఎవడూ అడగడు.

పన్నుల_పంతులు
కిట్టూ, ఎవడూ అడగడు అన్నది డబ్బు ఆగిపోయినప్పుడు కూడా నిజమే, అప్పుడు నీ మొర ఆలకించేవాడూ ఉండడు. 2011 ఏప్రిల్ 15న పెద్ద సైట్లని అమెరికా ప్రభుత్వం మూయించినప్పుడు వాటిలో ఫుల్ టిల్ట్ అనే సైటులో డబ్బున్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు.

ఇంకోటి, మన వీసా జనానికి ముఖ్యం. పౌరసత్వం అడిగేటప్పుడు మంచి నడవడిక చూస్తారు. చట్టవిరుద్ధమైన జూదమే ప్రధాన ఆదాయమైనవాడికి ఆ నడవడిక లేనట్టే అని ఇమ్మిగ్రేషన్ చట్టంలో రాసే ఉంది. నీది ప్రధాన ఆదాయం కాదని వాదించుకోవచ్చు. ఆ వాదన ఇంటర్వ్యూ గదిలో చేసే అవసరం తెచ్చుకోవడం దేనికి? రాష్ట్రం లైసెన్సిచ్చిన చోట ఆడితే ఈ గోలే లేదు.

కాలిఫోర్నియా_కిట్టు
భయపెట్టడంలో పంతులుగారి తర్వాతే ఎవరైనా.

పన్నుల_పంతులు
అసలు భయం ఇంకా చెప్పలేదు. 2025 జూలైలో వచ్చిన పెద్ద పన్ను చట్టం ప్రకారం 2026 నుంచి జూదంలో పోయినదాంట్లో 90 శాతమే మినహాయింపు. వాసు గారి లాంటివాళ్ళకి లెక్క చూపిస్తా. ఏడాది మొత్తంలో గెలిచిన రోజులవి కలిపితే 60,000, ఓడినవి 58,000 అనుకోండి. చేతికి మిగిలింది 2,000. మినహాయింపు 58,000లో 90 శాతం, అంటే 52,200. పన్ను పడేది 7,800 మీద. 24 శాతం శ్లాబులో ఉంటే 1,872 డాలర్లు కేంద్రానికే. ఏడాదంతా నిద్ర పాడుచేసుకుని మిగుల్చుకుంది 128 డాలర్లు. రాష్ట్రం పన్ను ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

ఈ మినహాయింపు కూడా ఖర్చులు విడివిడిగా చూపించి రిటర్న్ వేసేవాళ్ళకే. స్టాండర్డ్ డిడక్షన్ అనే గంపగుత్త మినహాయింపు తీసుకునేవాడికి ఓడింది అసలు లెక్కలోకే రాదు, గెలిచింది మాత్రం వస్తుంది. దీన్ని సరిచెయ్యాలని నెవాడా నుంచి డినా టైటస్ అనే ప్రతినిధుల సభ సభ్యురాలు బిల్లు పెట్టింది. నా మటుకు నేను, చిన్న రాష్ట్రం పోకర్‌ని చంపితే జనాభా చంపదు, ఇది చంపుతుంది అంటాను. రోజూ ఆడేవాడే టేబుల్ నిలబెట్టేది, వాడే ముందు లేచిపోతాడు.

వంతెన_వాసు
128 డాలర్లా! నేను గెలిచినవీ ఓడినవీ విడివిడిగా రాసుకున్న పాపాన పోలేదు. ఖాతాలో ఎంతుందో చూసుకోవడమే.

పన్నుల_పంతులు
ఇవాళ్టి నుంచి నోటుబుక్కు పెట్టండి. తేదీ, సైటు, ఎంతతో కూర్చున్నారు, ఎంతతో లేచారు. దానికి ఫీజు కూడా తీసుకోను.

సత్యం_వద
పంతులుగారు నాకంటే బాగా మాన్పించేలా ఉన్నారు.

సీక్వెన్స్_సీత
అసలు మన ఊళ్ళో పరిస్థితితో పోలిస్తే ఇది స్వర్గం కదా. అక్కడ తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ డబ్బాట మొత్తం నిషేధించింది, ఆంధ్రా 2020లో. మా తమ్ముడు కూకట్‌పల్లిలో ఉంటాడు, వాడి ఫోన్లో రమ్మీ యాప్ ఆ రోజుల్నుంచే తెరుచుకోదు.

చట్టం_చిన్నా
సీత గారూ, ఇందులో ఒక తమాషా ఉంది. రమ్మీ నైపుణ్యం ఆట అని దేశమంతా చూపించుకునే 1967 నాటి సుప్రీంకోర్టు తీర్పు మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో వచ్చిందే. ఆ తీర్పు పట్టుకుని వేరే రాష్ట్రాల్లో యాప్‌లు కోట్లు సంపాదించాయి, పుట్టిన చోట మాత్రం ముందు నిషేధం.

చిన్న రాష్ట్రం అన్నారు కాబట్టి నాగాలాండ్ సంగతీ చెప్పాలి. 2016లో అమల్లోకి వచ్చిన చట్టంతో అది పోకర్‌ని నైపుణ్యం ఆటల జాబితాలో పెట్టి లైసెన్సులివ్వడం మొదలుపెట్టింది. డెలావేర్ తన జనానికి తోడు పక్కవాళ్ళని బతిమాలుకుంటే, నాగాలాండ్ ఏకంగా నైపుణ్యం ఆటకి అడ్డులేని రాష్ట్రాలన్నిటికీ నా లైసెన్సు చెల్లుతుంది అంది. తెలివైన ఎత్తే. 2025 ఆగస్టులో పార్లమెంటు రెండు రోజుల్లో చట్టం చేసి, నైపుణ్యమా అదృష్టమా అన్న ప్రశ్నే లేకుండా డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నీ ఆపేసింది. నడిపేవాడికి మూడేళ్ళ దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడేవాడికి శిక్ష లేదు.

వరంగల్_వైల్డ్‌కార్డ్
అంటె మా బామ్మర్ది ఇప్పుడు ఏం ఆడుతుండు రోజు రాత్రి?

పులిహోర_పార్టీ
అది మీ చెల్లెల్ని అడగాలి.

వరంగల్_వైల్డ్‌కార్డ్
బామ్మర్ది అంటె నా భార్య తమ్ముడు. ఆయనకు పెండ్లి కాలే.

పులిహోర_పార్టీ
అయితే అమ్మాయితోనే మాట్లాడుతున్నాడు, వదిలెయ్యి.

మిడిల్‌టౌన్_మావ
మళ్ళీ అసలు ప్రశ్నకి వద్దాం. నేను మిడిల్‌టౌన్‌లోనే ఉంటా, ఇప్పుడు ఆడుతున్నా. వాసు గారూ, ఉన్నదున్నట్టు చెప్తా. శుక్ర, శని, ఆదివారాల రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు దాకా మీరు చెప్పిన స్థాయిలో కుర్చీ దొరుకుతుంది. పెన్సిల్వేనియా, మిచిగాన్ వాళ్ళే ఎక్కువ. మధ్యాహ్నం ఆడదామంటే ఈగలు తోలుకోవాలి. పెద్ద బహుమతుల టోర్నమెంట్లు న్యూజెర్సీలో మీరు చూసినంత ఉండవు. ఒమాహా అనే ఇంకో రకం పోకర్ ఆడేవారైతే మర్చిపోండి. చిన్న గది కాబట్టి అవే మొహాలు, వారం తిరిగేలోపు మీ ఆట అందరికీ అర్థమైపోతుంది, వాళ్ళది మీకూ. నాకు అదే నచ్చుతుంది. నెల్లూరన్నకి సిగ్గు గానీ నాకు లేదు.

రెండేళ్ళలో ఏమవుతుందంటారా? ఇంకో పెద్ద రాష్ట్రం వస్తేనే మార్పు. కనెక్టికట్ 2021లోనే పోకర్‌కి ఒప్పుకున్నా పక్కవాళ్ళతో కలిసే వీల్లేదని ఎవరూ సైటు తెరవలేదు. రోడ్ ఐలాండ్ 2024లో ఆన్‌లైన్ కేసినో తెరిచి పోకర్ జోలికే పోలేదు. చిన్నవాళ్ళు పది మంది చేరినా ఒక న్యూయార్క్ కాదు. న్యూయార్క్‌లో ఏటా బిల్లు పెడతారు, ఏటా పండబెడతారు.

నెల్లూరోడు_302
మావ చెప్పింది అక్షరాలా నిజం. మనసు విప్పి ఆడాలనుంటే డెలావేర్ పార్క్‌లో నిజం టేబుళ్ళున్నాయి, శనివారం రండి. బ్యాటరీ గొడవ లేదు.

సత్యం_వద
నేనూ ఒక మాట అడగొచ్చా? ఆ పార్క్‌లో గుర్రాలు చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?

నెల్లూరోడు_302
గుర్రాల వైపు వెళ్ళొచ్చు. మీరూ రండి, పులిహోర నేను తెస్తా.

వంతెన_వాసు
అందరికీ రుణపడ్డా. ఇంట్లో చెప్పేశాను కూడా. మా ఆవిడ ఈ థ్రెడ్ మొత్తం చదివి, రాజు గారి పెన్స్‌విల్ కథ దగ్గర ఆగి, "చార్జర్ మన కార్లో ఉందో లేదో చూడు" అంది. దాన్ని అనుమతి అనుకోవాలా వెక్కిరింపు అనుకోవాలా తెలియట్లేదు. ఇల్లు మిడిల్‌టౌన్‌లోనే. నోటుబుక్కు కొన్నా. శుక్రవారం రాత్రి మావ గారి టేబుల్ దగ్గర, పెద్ద టోర్నమెంట్ ఉన్న ఆదివారం మాత్రం బ్రిడ్జి అవతల.

రివర్_రాజు
ఒక చిన్న సంగతి. ఆ బ్రిడ్జి మీద న్యూజెర్సీకి వెళ్ళేటప్పుడు టోల్ లేదు. డెలావేర్‌కి తిరిగొచ్చేటప్పుడే కట్టించుకుంటారు. ఆ డబ్బులు విడిగా జేబులో ఉంచుకోండి, ఆల్ ఇన్‌లో కలపకండి.